ఏసీలో వేడి గాలి వస్తోందా? గ్యాస్ కొట్టించే ముందు హీటర్ లివర్ చూడండి

పాత కార్ల మీద మనం చేసుకుంటున్న ఎపిసోడ్లలో ఈసారిది చూడ్డానికి చాలా చిన్న విషయం. డ్యాష్‌బోర్డు మీద ఒక చివర నీలం రంగు, ఇంకో చివర ఎర్ర రంగు ఉండి, మధ్యలో అటూ ఇటూ జరిగే లివర్ ఒకటి ఉంటుంది చూడండి. కొన్ని బండ్లలో అది తిప్పే నాబ్. మనలో చాలామంది బండి కొన్న రోజు నుంచి దాన్ని ముట్టుకోనే ముట్టుకోరు. "మనకెందుకండీ హీటర్, బయట ఎండే పెద్ద హీటర్ కదా" అంటారు.

అలా ఎవరూ ముట్టుకోని లివరే ఒక రోజు పట్టేస్తుంది. నీలం వైపు పట్టేస్తే కొన్నేళ్ళు తెలియకుండానే గడిచిపోవచ్చు. ఎరుపు వైపుగానీ మధ్యలోగానీ పట్టేస్తే మాత్రం మే నెలలో నరకమే. ఏసీ ఆన్ చేస్తాం, చల్లదనం రాదు. గ్యాస్ అయిపోయిందనుకుని కొట్టిస్తాం. మళ్ళీ అంతే. కంప్రెసర్ పోయిందంటారు. ఇంత జరుగుతున్నా ఆ లివర్ వైపు ఎవరూ చూడరు.

ఈ రోజు చెప్పబోయేది మారుతీ 800, జెన్, పాత ఆల్టో, శాంట్రో, ఇండికా లాంటి బండ్ల గురించి. అంటే చేత్తో జరిపే లివర్‌గానీ, చేత్తో తిప్పే నాబ్‌గానీ ఉండి, దాని వెనక కేబుల్ ఉండే బండ్లు. డిస్‌ప్లే మీద 22, 24 అని డిగ్రీలు చూపించే ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉంటే అందులో కేబుల్ బదులు చిన్న మోటార్ ఉంటుంది. ఆ కథ వేరే.

ముందు ఆ వేడి అసలు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుందాం. ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక.

కారు హీటర్ గీజర్ లాంటిది కాదు. దానికి కరెంటు కాయిల్ ఉండదు. ఇంజిన్ వేడెక్కినప్పుడు ఆ వేడిని మోసుకెళ్ళడానికి కూలెంట్ తిరుగుతూ ఉంటుంది కదా, అది మామూలుగా 90 డిగ్రీల దగ్గర్లో ఉంటుంది. అందులో కొంత భాగం రెండు రబ్బరు హోస్ పైపుల ద్వారా డ్యాష్‌బోర్డు లోపలికి వస్తుంది. అక్కడ అరచేతికి కాస్త పెద్దదైన చిన్న రేడియేటర్ ఉంటుంది. దాన్నే హీటర్ కోర్ అంటారు. బ్లోయర్ గాలి దాని మీదుగా పోతే వేడెక్కుతుంది. అంటే ఇంజిన్ ఎలాగూ పారేసే వేడినే మనం వాడుకుంటున్నాం అన్నమాట.

మరి ఆ వేడిని తగ్గించడం, పెంచడం ఎలా? రెండు పద్ధతులున్నాయి. ఒకటి, హీటర్ కోర్‌కి వెళ్ళే వేడి నీళ్ళకే కుళాయి పెట్టడం. మన మెకానిక్‌లు దాన్ని హీటర్ కాక్ అంటారు. లివర్ నీలం వైపు జరిపితే కాక్ మూసుకుంటుంది, ఎరుపు వైపు జరిపితే తెరుచుకుంటుంది. రెండోది, నీళ్ళు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, గాలి దారిలో మాత్రం ఒక తలుపు ఉంటుంది. దాన్ని ఫ్లాప్ అంటారు. నీలం వైపు పెడితే ఆ తలుపు గాలిని హీటర్ కోర్ మీదికి పోనివ్వదు. కొన్ని బండ్లలో కాక్ ఉంటుంది, కొన్నిట్లో ఫ్లాప్ ఉంటుంది, కొన్నిట్లో రెండూ ఉంటాయి.

ఇప్పుడు అసలు పాయింట్ వినండి. ఏసీ ఉన్న బండిలో గాలి ముందు ఏసీ కాయిల్ మీదుగా వెళ్ళి చల్లబడుతుంది. ఆ తరవాతే హీటర్ వైపు వస్తుంది. అందుకని హీటర్ సగం తెరిచి ఉందనుకోండి, ఏసీ కష్టపడి చల్లబరిచిన గాలిని హీటర్ మళ్ళీ వేడి చేసి మన మొహం మీదికి పంపిస్తుంది. కుండలో చల్లటి నీళ్ళు తీసి, పొయ్యి మీద కాసేపు పెట్టి తాగినట్టు. ఇక్కడ కుండ తప్పేమీ లేదు కదా. అలాగే ఏసీలో గ్యాస్ ఎంత కొట్టినా ఈ జబ్బు తగ్గదు.

మా పెద్దమ్మ వాళ్ళది ఖమ్మం దగ్గర ఊరు. ఆవిడకి వారానికి మూడుసార్లు డయాలసిస్ ఉంటుంది. మా అన్నయ్య పాత మారుతీ 800లో టౌన్‌కి తీసుకెళ్ళి, తీసుకొస్తూ ఉంటాడు. డయాలసిస్ అయ్యాక మనిషి ఎంత నీరసంగా ఉంటారో ఇంట్లో చూసినవాళ్ళకి తెలుసు. పైగా నీళ్ళు కూడా లెక్కపెట్టుకుని తాగాలి. మే నెల మధ్యాహ్నం, లోపల సెగలు కక్కే కారు. ఆ సీజన్‌లో రెండుసార్లు గ్యాస్ కొట్టించారు. రెండోసారి షాపువాళ్ళు కంప్రెసర్ మార్చాలన్నారు. అన్నయ్య ఫోన్ చేసి, "ఒరేయ్, కంప్రెసర్ మార్చడం కన్నా బండి అమ్మేయడం నయమేమోరా" అన్నాడు.

నేను అడిగింది ఒక్కటే. "అన్నయ్యా, పొద్దున్నే ఫస్ట్ స్టార్ట్ చేసినప్పుడు ఏసీ ఎలా ఉంటుంది?" కాసేపు ఆలోచించి, "మొదటి ఐదు నిమిషాలు బానే ఉంటుందిరా, తరవాతే వేడి" అన్నాడు. ఆ మాటతో నాకు అనుమానం హీటర్ మీదికి వెళ్ళింది. ఎందుకో చెప్తాను. రాత్రంతా ఆగిన బండిలో కూలెంట్ చల్లగా ఉంటుంది. హీటర్ తెరిచి ఉన్నా అందులోకి వచ్చేది చల్లటి నీళ్ళే, కాబట్టి ఏసీ బాగా పనిచేస్తుంది. టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చేసరికి నీళ్ళు వేడెక్కుతాయి, గాలి కూడా వేడెక్కుతుంది. గ్యాస్ బాగా తక్కువగా ఉంటే మొదటి ఐదు నిమిషాలు కూడా సరైన చల్లదనం రాదు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పరీక్ష ఇదే. పైసా ఖర్చు లేదు. పొద్దున చల్లటి ఇంజిన్‌తో స్టార్ట్ చేయండి, ఏసీ ఆన్ చేయండి, టెంపరేచర్ ముల్లు మీద ఒక కన్నేసి ఉంచండి. ముల్లు పెరిగేకొద్దీ గాలి వేడెక్కుతుంటే హీటర్ మీద అనుమానం పెట్టుకోండి.

రెండో పరీక్ష. ఇంజిన్ వేడెక్కాక ఏసీ ఆఫ్ చేసి, లివర్ పూర్తిగా నీలం వైపు పెట్టి, బ్లోయర్ మాత్రం ఆన్ చేయండి. బయటి గాలి వచ్చేలా పెట్టండి, లోపలి గాలే తిరిగే మోడ్ వద్దు. ఇప్పుడు వచ్చే గాలి బయటి గాలికి కాస్త అటూ ఇటూగా ఉండాలి. బయటి గాలి కన్నా బాగా వేడిగా, ఇస్త్రీ పెట్టె దగ్గర చెయ్యి పెట్టినట్టు తగులుతుంటే హీటర్ మూసుకోవడం లేదని అర్థం.

మూడో పరీక్ష బానెట్ ఎత్తి చేయాలి. ఏసీ నడుస్తుండగా, క్యాబిన్ వైపు నుంచి కంప్రెసర్‌కి తిరిగి వచ్చే లావు పైపు చూడండి. అది చల్లగా, పైన నీటి చుక్కలతో చెమట పట్టినట్టు ఉంటే ఏసీ తన పని తాను చేస్తున్నట్టే. చల్లదనం పుడుతోంది, మన దాకా రావడం లేదు అంతే. ఇక్కడ ఒక జాగ్రత్త. నడుస్తున్న ఇంజిన్ దగ్గర చున్నీ, మెడలో గొలుసు, వదులు చొక్కా చేతులు ఏవీ వేలాడకూడదు. బెల్టు తిరుగుతూ ఉంటుంది. రేడియేటర్ ఫ్యాన్ అయితే ఇంజిన్ ఆపేసినా దానంతట అదే తిరగడం మొదలుపెట్టొచ్చు. చూసేటప్పుడు చేతులు ఫ్యాన్‌కి దూరంగా ఉండాలి.

ఈ మూడు పరీక్షలూ హీటర్ వైపే చూపించాయనుకుందాం. ఇప్పుడు రిపేర్‌కి వద్దాం. ఈ వీడియోలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోవాలి అంటే ఇదే గుర్తుపెట్టుకోండి: బలం ఉపయోగించకండి, మధ్యలో విడదీయండి.

లివర్ పట్టేసింది అనగానే మన చెయ్యి ఏం చేస్తుంది? ఇంకాస్త గట్టిగా తోస్తుంది. ఆ లివర్ వెనక ఉన్నదంతా ఇరవై ఏళ్ళు ఎండకి ఎండిన ప్లాస్టిక్. టప్‌మని విరుగుతుంది. అప్పుడు చిన్న పని కాస్తా డ్యాష్‌బోర్డు ఊడదీసే పని అవుతుంది. కాబట్టి తోయొద్దు.

ఆ సిస్టమ్‌ని మనసులో మూడు ముక్కలుగా చూడండి. చేతి దగ్గర లివర్. మధ్యలో కేబుల్. చివర కాక్‌గానీ ఫ్లాప్‌గానీ. ఈ మూడింట్లో పట్టేసింది ఏది? అది తెలుసుకోకుండా ఏదీ మార్చకూడదు. తెలుసుకోవడానికి ఒకటే దారి, చివర కేబుల్‌ని ఊడదీసి రెండు వైపులా విడివిడిగా కదిపి చూడడం.

ఇది చేయడానికి ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. గంట, రెండు గంటలు ఆగండి. పొద్దున్నే చేస్తే ఇంకా మంచిది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే బ్యాటరీ నెగటివ్ తీసేసి కొంతసేపు ఆగండి. డ్యాష్‌బోర్డు వెనక పసుపు రంగు కనెక్టర్లు, పసుపు తొడుగున్న వైర్లు కనపడితే వాటి జోలికి పోవద్దు. సాధారణంగా అవి ఎయిర్‌బ్యాగ్ వైర్లు.

కేబుల్ చివర ఎక్కడుంటుంది? బండిని బట్టి మారుతుంది. కొన్నిట్లో బానెట్ కింద, ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడ దగ్గర. కొన్నిట్లో లోపలే, యాక్సిలరేటర్ పెడల్ పైన ఉండే హీటర్ పెట్టె పక్కన. కొన్నిట్లో గ్లోవ్ బాక్స్ తీస్తే కనపడుతుంది. తల దూరదు కదా అని బాధపడకండి, మీ చేతిలో ఫోన్ ఉంది. టార్చ్ ఆన్ చేసి, వీడియో రికార్డింగ్ పెట్టి, ఫోన్‌ని లోపలికి పోనిచ్చి నెమ్మదిగా తిప్పండి. బయటికి తీసి చూసుకుంటే కేబుల్ ఎటు పోతుందో తెలుస్తుంది. ఇంకొకళ్ళని లివర్ కొద్దిగా కదపమంటే ఏది కదులుతోందో, ఏది కదలడం లేదో వీడియోలోనే దొరికిపోతుంది. ఏదైనా ఊడదీసే ముందు ఫొటో తీసుకోండి. బిగించేటప్పుడు ఆ ఫొటోయే మన గురువు.

అక్కడ మీకు రెండు కనపడతాయి. కేబుల్ పై తొడుగుని కదలకుండా పట్టుకునే చిన్న స్ప్రింగ్ క్లిప్పు ఒకటి. లోపలి వైరు చివర రింగులా వంచి, ప్లాస్టిక్ చేతికి తగిలించి ఉండేది రెండోది. మెకానిక్ భాషలో పై తొడుగు ఔటర్, లోపలి వైరు ఇన్నర్. నోస్ ప్లయర్‌తో క్లిప్పు తీసి, రింగుని ఆ చేతి నుంచి జాగ్రత్తగా తప్పించండి. క్లిప్పు ఎగిరి ఎక్కడో పడుతుంది, అందుకే కింద పాత గుడ్డ పరుచుకోండి.

ఇప్పుడు సీట్లో కూర్చుని లివర్ జరపండి. హాయిగా జరిగిందా? అయితే లివర్, కేబుల్ రెండూ బాగున్నాయి, జబ్బు చివర ఉంది. జరగలేదా? అయితే జబ్బు లివర్‌లోనో కేబుల్‌లోనో ఉంది. అలాగే చివరి చేతిని వేలితో మెల్లగా కదిపి చూడండి. ఈ రెండు నిమిషాల పనితో సగం అనుమానాలు పోతాయి.

జబ్బు కేబుల్‌లో ఉంటే ఏం చేయాలి? ఇది సైకిల్ బ్రేక్ వైరుకి చుట్టమే. ఒక గొట్టం లోపల వైరు జరుగుతుంది, అంతే. తేడా ఏంటంటే సైకిల్ బ్రేక్ వైరు లాగడానికి మాత్రమే. అందుకే అది సన్నటి పోగులు పేనినట్టు ఉంటుంది. హీటర్ వైరు లాగాలి, తొయ్యాలి కూడా. అందుకే చాలా బండ్లలో అది ఒకే గట్టి తీగలా ఉంటుంది. ఒకసారి మెలి పడితే ఆ మెలిక దగ్గరే మళ్ళీ మళ్ళీ పట్టేస్తుంది. మెలిక పడిన కేబుల్‌ని సాగదీసి బతికించే ప్రయత్నం వద్దు, మార్చేయండి. కేవలం తుప్పు, దుమ్ము అయితే సైకిల్ షాపు చిట్కా పనిచేస్తుంది. ఔటర్ చివర చిన్న పాలిథిన్ ముక్కని గరాటులా చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. అందులో తుప్పు వదిలించే స్ప్రే కొద్దిగా కొట్టి, వైరుని అటూ ఇటూ జరుపుతూ ఉండండి. నల్లటి మురికి బయటికి వస్తుంది. తుడిచేసి, చివరిగా సిలికాన్ స్ప్రే కొట్టండి. తుప్పు వదిలించే స్ప్రే ఒక్కటే కొట్టి వదిలేస్తే కొన్నాళ్ళకి ఆరిపోయి మళ్ళీ పట్టేస్తుంది. అది వదిలించడానికి, సిలికాన్ జారడానికి. రెండు పనులు వేరు.

పెట్రోల్, కిరోసిన్ మాత్రం డ్యాష్‌బోర్డు లోపల వాడొద్దు. ఆవిరి లోపలే నిలుస్తుంది, పక్కనే కరెంటు వైర్లుంటాయి. ఎలా చూసినా ప్రమాదమే.

ఇంకో కేసు. లివర్ చాలా తేలిగ్గా జరుగుతుంది, గాలిలో మాత్రం మార్పే ఉండదు. ఇది పట్టేయడం కాదు, పట్టు తప్పడం. ఎక్కువసార్లు ఆ చిన్న క్లిప్పు ఊడి ఉంటుంది. క్లిప్పు లేకపోతే ఇన్నర్ జరిగే బదులు ఔటరే మొత్తం జరిగిపోతుంది, చివర ఏమీ కదలదు. క్లిప్పు దొరికేదాకా ప్లాస్టిక్ టైతో ఔటర్‌ని బిగించొచ్చు. కానీ అది తాత్కాలికమే.

జబ్బు ఫ్లాప్‌లో ఉంటే, ఆ తలుపు దారిలో ఏదైనా అడ్డం పడిందేమో చూడండి. ఎండుటాకులు, పెన్ను మూత, ఊడొచ్చిన ఫోమ్ ముక్క, ఎలుక తెచ్చి పెట్టిన గుడ్డపీలికలు, ఏదైనా ఉండొచ్చు. ఇరుసు దగ్గర కొద్దిగా సిలికాన్ గ్రీజు రాసి మెల్లగా కదిపితే చాలాసార్లు వదులవుతుంది.

జబ్బు కాక్‌లో ఉంటే కాస్త ఆలోచించాలి. మా అన్నయ్య బండిలో ఇదే జరిగింది. కేబుల్ ఊడదీయగానే లివర్ వెన్నలా జరిగింది. కాక్ చెయ్యి మాత్రం రాయిలా ఉంది. ఇరుసు చుట్టూ తెల్లగా, అక్కడక్కడ పచ్చగా ఉప్పు పేరుకుపోయి ఉంది. "అన్నయ్యా, రేడియేటర్‌లో ఏం పోస్తున్నావ్?" అంటే, "బోరు నీళ్ళేరా, ఎప్పుడూ అవే" అన్నాడు. బకెట్ అడుగున, గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకునేది ఇదే కదా. ఉప్పు నీళ్ళు వేడెక్కితే ఆ ఉప్పంతా ఎక్కడో ఒకచోట దిగాలి. సన్నటి దారులున్న చోట, ఎప్పుడూ కదలని చోట దిగుతుంది. హీటర్ కాక్ సరిగ్గా అలాంటి చోటు.

స్ప్రే కొట్టి, పావుగంట ఆగి, వేలి బలంతో మాత్రమే వెంట్రుకవాసి అటు, వెంట్రుకవాసి ఇటు కదిపాం. అరగంట పట్టింది మూసిన వైపు రావడానికి. ఆ సాయంత్రమే పెద్దమ్మ బండెక్కి, "ఏరా, ఇవాళ కొత్త బండి తెచ్చావా" అంది. అయితే మర్నాడు కాక్ ఇరుసు దగ్గర ఒక చుక్క కూలెంట్ కనపడింది. అలా పేరుకున్న కాక్‌ని కదిపితే కారడం మామూలే, లోపలి రబ్బరు అప్పటికే అయిపోయి ఉంటుంది. అందుకే తెలిసిన మెకానిక్ చేత కొత్త కాక్ వేయించాం. పాత నీళ్ళన్నీ తీసేసి, లోపల కడిగి, సరైన కూలెంట్ పోయించాం. రెండుసార్లు కొట్టించిన గ్యాస్ అంతా ఆ బండిలో భద్రంగానే ఉంది. ఎక్కడికీ పోలేదు.

కాక్ మార్పించేటప్పుడు మూడు విషయాలు గమనించండి. ఒకటి, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత గానీ, హోస్ పైపు గానీ తీయకూడదు. లోపల ఒత్తిడిలో ఉన్న వేడి నీళ్ళు మొహం మీదికి చిమ్ముతాయి. రెండు, కూలెంట్ నింపేటప్పుడు లివర్ ఎరుపు వైపు ఉండాలి. అప్పుడే హీటర్ కోర్‌లోకి కూడా కూలెంట్ వెళ్ళి, లోపలి గాలి బయటికి వస్తుంది. మూడు, తీసిన పాత కూలెంట్‌ని పళ్ళెంలోనో నేల మీదో వదిలేయకండి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లులు నాకుతాయి, చిన్నపిల్లలు వేలు పెడతారు. అది విషం.

ఏ ముక్క బాగు చేసినా చివర్లో అడ్జస్ట్‌మెంట్ సరిగ్గా చేయకపోతే మళ్ళీ మొదటికి వస్తుంది. పద్ధతి ఇది. లివర్‌ని పూర్తిగా నీలం చివరకి పెట్టండి. కాక్ లేదా ఫ్లాప్ చేతిని కూడా వేలితో పూర్తిగా మూసిన వైపు నెట్టి పట్టుకోండి. ఇన్నర్ రింగు తగిలించండి. అప్పుడు ఔటర్‌ని క్లిప్పుతో బిగించండి. ఇప్పుడు లివర్ ఎరుపు చివర దాకా, మళ్ళీ నీలం చివర దాకా జరిపి, రెండు చివర్లా ఆ చెయ్యి పూర్తిగా వెళ్తోందో లేదో ఫోన్‌లో వీడియో తీసి చూసుకోండి. నీలం వైపు ఒక్క మిల్లీమీటర్ తెరిచి ఉన్నా వేడి లోపలికి వస్తూనే ఉంటుంది.

కొంతమంది మెకానిక్‌లు ఇంకో సలహా ఇస్తారు. "హీటర్ మనకెందుకన్నా, రెండు పైపులూ కలిపేస్తాను, ఖర్చు లేకుండా అయిపోతుంది" అంటారు. అంటే వేడి నీళ్ళు హీటర్ కోర్‌కి వెళ్ళకుండా, ఇంజిన్‌లోంచి వచ్చిన పైపుని తిరిగి వెళ్ళే పైపుకే కలిపేయడం. కాక్ దొరికేదాకా నాలుగు రోజులు బండి నడవాలంటే ఇది పనికొస్తుంది. పైపుల్ని మూసేయడం కాదు, కలపాలి. ఎందుకంటే కొన్ని ఇంజిన్‌లలో ఆ దారిన కూలెంట్ తిరుగుతూ ఉండాలి. కానీ దాన్నే శాశ్వతంగా వదిలేయకండి. కారణాలు రెండు.

మొదటిది వాన, మంచు. లోపల నలుగురు కూర్చుని అద్దాలు ఎత్తితే ముందు అద్దానికి ఆవిరి పడుతుంది. ఏసీ గాలి తేమని లాగేస్తుంది, హీటర్ ఆ గాలిని వేడి చేసి అద్దం మీదికి పంపుతుంది. రెండూ కలిస్తే అద్దం త్వరగా తేటబడుతుంది. డిసెంబర్‌లో తెల్లవారుజామున లంబసింగి వెళ్ళేవాళ్ళకి దీని విలువ తెలుసు. ఒక చేత్తో అద్దం తుడుచుకుంటూ ఇంకో చేత్తో మలుపులు తిప్పడం ఎంత ప్రమాదమో నేను చెప్పక్కర్లేదు.

రెండోది ఘాట్ రోడ్డు. తిరుమల కొండ ఎక్కుతున్నారు, ట్రాఫిక్, టెంపరేచర్ ముల్లు పైకి పాకుతోంది. అప్పుడు ఏసీ ఆపేసి, హీటర్ ఫుల్ పెట్టి, బ్లోయర్ ఫుల్ పెట్టి, అద్దాలు దించేయండి. మనకి చెమటలు పట్టినా ఇంజిన్ వేడిలో కొంత ఆ చిన్న రేడియేటర్ ద్వారా బయటికి పోతుంది. సురక్షితమైన చోటు దొరికేదాకా అది కాస్త ఊపిరి ఇస్తుంది. ముల్లు ఎర్రగీత చేరితే మాత్రం ఏ చిట్కా లేదు, పక్కకి తీసి ఇంజిన్ ఆపేయాలి. చూశారా, ఎవరూ ముట్టుకోని ఆ లివర్ నీలం వైపు పట్టేసి ఉంటే ఈ అవకాశం కూడా ఉండదు.

ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి. బండిలో తియ్యటి వాసన వస్తున్నా, అద్దం లోపలి వైపు జిడ్డుగా పొర పడుతున్నా, ముందు సీటు కింద కార్పెట్ తడిగా అంటుకుంటున్నా అది లివర్ జబ్బు కాదు. హీటర్ కోర్ కారుతోంది. కూలెంట్ తగ్గిపోతుంది, ఇంజిన్‌కే ప్రమాదం. దాన్ని వాయిదా వేయకుండా మెకానిక్‌కి చూపించండి.

"నాకు ప్లయర్ పట్టుకోవడం కూడా రాదు" అంటారా? పర్లేదు. పరీక్షలు మాత్రం మీరు చేయండి. వీడియో తీసుకోండి. తరవాత మెకానిక్ దగ్గరికి వెళ్ళి ఇలా చెప్పండి: "అన్నా, పొద్దున ఐదు నిమిషాలు చల్లగా వస్తోంది, ఇంజిన్ వేడెక్కాక వేడి గాలి వస్తోంది. లావు పైపు చల్లగానే ఉంది. గ్యాస్ కన్నా ముందు హీటర్ కాక్, కేబుల్ చూడన్నా." అంతే. "ఏసీ పనిచేయట్లేదు" అని చెప్తే ఆయన ఏసీ వైపు నుంచే మొదలుపెడతాడు, అది సహజం. మనం గుర్తులు సరిగ్గా చెప్తే మంచి మెకానిక్‌కి సగం పని తగ్గుతుంది, సంతోషిస్తాడు కూడా. డాక్టర్‌కి "ఒంట్లో బాలేదు" అనడానికీ, "రాత్రిళ్ళు మాత్రమే జ్వరం వస్తోంది" అనడానికీ ఉన్నంత తేడా.

ఇక ఈ జబ్బు రాకుండా ఉండాలంటే చేయాల్సింది చాలా చిన్న పని. నెలకోసారి, ఎండాకాలం అయినా సరే, ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆ లివర్‌ని నీలం నుంచి ఎరుపుకి, ఎరుపు నుంచి నీలానికి నాలుగైదుసార్లు జరపండి. బోరు నీళ్ళు ఆపేసి, మీ బండి మాన్యువల్‌లో చెప్పిన కూలెంట్ పోయండి. కదిలే వస్తువు తుప్పు పట్టదు, కదలనిదే పడుతుంది.

ఇవాళ్టికి ఇంతే. మీ ఇంట్లో పాత బండి ఉంటే ఇప్పుడే వెళ్ళి ఆ లివర్ ఒకసారి జరిపి చూడండి. జరిగితే సంతోషం. జరగకపోతే తోయకండి, ఏం చేయాలో ఇప్పుడు మీకు తెలుసు. వచ్చే ఎపిసోడ్‌లో బ్లోయర్ నాలుగో స్పీడ్‌లోనే తిరిగి, మిగతా మూడింట్లో ఎందుకు తిరగదో చూద్దాం. ఉంటాను మరి, నమస్తే.